ఆటోఫజీ గుండె బ్లాకులను కరిగించదు, దయచేసి మాత్రలు మానకండి

ఈ మధ్య ఓపీలో ఎవరో ఒకరు ఈ మాట అడగని వారం లేదు. "మేడమ్, రోజూ పదహారు గంటలు ఏమీ తినకుండా ఉంటే ఆటోఫజీ మొదలై గుండెలో బ్లాకులు వాటంతటవే శుభ్రమైపోతాయట కదా?" ఆటోఫజీ అంటే కణం తనలోని పాడైన భాగాలను తానే అరిగించుకుని మళ్లీ వాడుకోవడం. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషికి రాత్రి ఎడమ చెయ్యి కాస్త లాగినా టెన్షనే, ఆ భయంలో ఫోన్ తెరిస్తే కనబడిన ప్రతి వీడియోనూ నమ్మాలనిపిస్తుంది. నా కోపమంతా "2016లో నోబెల్ వచ్చింది, ఇంకేం రుజువు కావాలి" అని ఊదరగొట్టేవాళ్ల మీదే. నోబెల్ వచ్చింది నిజమే, యోషినోరి ఒసుమి గారికి. ఆయన ఈస్ట్ కణాల్లో ఆటోఫజీ ఎలా జరుగుతుందో, దాన్ని ఏ జన్యువులు నడుపుతాయో కనిపెట్టారు. ఉపవాసంతో బ్లాకులు పోతాయని ఆయన తేల్చలేదు.

అసలు బ్లాకు ఎక్కడుంది? రక్తనాళం గోడలో. నేను చెబుతున్న ఆటోఫజీ ఎక్కడ జరుగుతుంది? ఆ నాళం రక్తం అందించే గుండె కండర కణం లోపల. కాలువ పూడిపోయి పొలానికి నీళ్లు రాకపోతే మొక్క కింది ఆకులు రాల్చుకుని నాలుగు రోజులు నిలబడుతుంది, అంతమాత్రాన కాలువలో పూడిక పోతుందా? ఇదీ అంతే. నాళం గోడలోని కణాల్లోనూ ఆటోఫజీ ఉంటుంది, కాదనను, కానీ తిండి మానేసి దాన్ని పెంచితే మనుషుల్లో బ్లాకు కరిగిందని చూపిన ఆధారం లేదు.

రక్తం తగ్గినప్పుడు కణంలో జరిగేది మాత్రం నిజంగా అద్భుతం. ఆక్సిజన్ అందక కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, ఏఎంపీకే అనే ఎంజైమ్ అది పసిగట్టి ఆటోఫజీని పెంచుతుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాల చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది, ఆ మూట లైసోజోమ్ అనే అరిగించే సంచితో కలిసి అరిగిపోతుంది, వచ్చిన అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు మళ్లీ కణానికే పనికొస్తాయి. దీంతో కణానికి కాస్త గడువు దొరుకుతుంది, అంతే. నాళం పూర్తిగా మూసుకుపోతే ఇరవై నిమిషాలు దాటినప్పటి నుంచే కణాలు చనిపోవడం మొదలవుతుంది. పైగా ఆటోఫజీ ఎంత ఎక్కువైతే అంత మేలనేది కూడా తప్పు. 2007లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధనలో, రక్తం ఆగినప్పుడు గుండెను కాపాడిన ఆటోఫజీయే రక్తం మళ్లీ వదిలాక నష్టం చేసింది. తర్వాత వేరే రకం ఫలితాలూ వచ్చాయి, చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మేమే తేల్చుకోలేని దాన్ని వంటింట్లో కూర్చుని ఎలా అదుపు చేస్తారు?

స్టెంట్ వేసిన నాలుగు నెలలకు ఒకాయన తెల్లవారుజామున ఛాతీ నొప్పితో వచ్చారు. ఈసీజీ చూడగానే అర్థమైంది, స్టెంట్‌లోనే గడ్డకట్టింది. క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్తూ "మాత్రలు మానేశారా?" అంటే "లేదు మేడమ్, రోజూ వేసుకుంటున్నా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తర్వాత వాళ్లావిడ సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది. రాత్రి గళ్లన్నీ ఖాళీ, ఉదయం గళ్లన్నీ నిండుగా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఉపవాసం కదా, ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోకూడదని వదిలేశారు. ఆయన వాడే టికాగ్రెలార్, అంటే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర, రెండు పూటలా వేసుకుంటేనే ఇరవై నాలుగు గంటలూ కాపాడుతుంది, అదీ తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. ఆ మాట డిశ్చార్జ్ రోజు ఎవరైనా ఆయనకు విడమరిచి చెప్పి ఉండాల్సింది. నాళం తెరిచాం, మనిషి దక్కాడు, కానీ ఎకోలో గుండె పంపింగ్ 55 శాతం నుంచి 35 శాతానికి పడిపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చనిపోయిన కండరాన్ని ఆటోఫజీ మళ్లీ పుట్టించదు, పాతికేళ్ల వయసులోనే గుండె కండర కణాల్లో ఏడాదికి నూటికి ఒకటి మాత్రమే కొత్తగా వస్తుంది. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు పూటలు మానేస్తే షుగర్ దారుణంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వాడేవాళ్లకైతే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు వచ్చే ఆమ్లాలు, ప్రమాదకరంగా పెరగొచ్చు. డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. ఇక ఛాతీ పట్టేసి చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మొన్న రివ్యూకి వచ్చినప్పుడు ఆ స్టెంట్ ఆయన భార్య మెల్లగా అడిగింది. "అమ్మా, పెళ్లైన దగ్గర్నుంచీ ఇద్దరం ఏకాదశి ఉంటున్నాం, ఇక అదీ మానేయాలా?" షుగర్ లేదు కాబట్టి పాలు, పండ్లు తీసుకుంటూ ఉండొచ్చన్నాను, ఉదయం ఎనిమిదింటి మాత్ర మాత్రం ఏకాదశి రోజైనా పడాల్సిందే అన్నాను. ఆవిడ డబ్బా తెరిచి నా బల్ల మీద పెట్టింది. ఈసారి రెండు వరసలూ ఖాళీ.