అపోఫిస్ పేరు వెనక ఒక ఇసుక తిన్నె

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి సాగిపోతుంది. 2004లో కనిపెట్టినప్పుడు కలిగిన భయం ఇప్పుడు లేదు. కనీసం వందేళ్ల దాకా అది మనల్ని ఢీకొట్టదని నాసా 2021లో తేల్చి చెప్పింది. పేరు మాత్రం నిలిచిపోయింది. అపోఫిస్ అన్నది గ్రీకుల ఉచ్చారణ, ఈజిప్టువారి అసలు మాట అపెప్, సూర్యుడికి శత్రువైన పెద్ద పాము. కొందరు దాన్ని ‘చీకటి దేవుడు’ అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. ఆ పాముకు గుడి లేదు, నైవేద్యం లేదు, మొక్కిన భక్తుడూ లేడు. ఉన్నదల్లా భయమే, ఆ భయం కూడా నీళ్లు లేని నది చుట్టూ అల్లుకున్నది.

అపెప్ పేరు కనిపించే తొలి ఆధారాలలో ఒకటి క్రీ.పూ. 2100 ప్రాంతానిది. అప్పటికి ఫరోల కేంద్ర పాలన కుప్పకూలింది. దక్షిణ ఈజిప్టులోని మోఅల్లాలో అంఖ్‌టిఫీ అనే స్థానిక పాలకుడు ఆకలిగొన్న ఊళ్లకు ధాన్యం పంపానని తన సమాధిలో చెక్కించుకున్నాడు. ఆ కరవు నేలను అతడు ‘అపెప్ ఇసుక తిన్నె’ అన్నాడు. ఏటా వరద మీద బతికే దేశంలో నైలు తగ్గి, ఇసుక మేటలు బయటపడి, పడవలు కదలని దృశ్యం ఎంత గుండె కోతో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఆరు వందల ఏళ్ల తర్వాత రాజుల లోయలోని ఫరో మూడో థుట్మోస్ సమాధి గోడల మీద అదే దృశ్యం పరలోకానికి చేరింది. సూర్యదేవుడైన ‘రా’ రాత్రి పన్నెండు గంటలూ పడవలో పాతాళంలో ప్రయాణిస్తాడు, చనిపోయిన రాజు కూడా ఆయన వెంటే. ఏడో గంటలో అపెప్ నది నీటిని తాగేస్తుంది. పడవ నిలిచిపోతే ఇసిస్ దేవత మంత్రబలంతో ముందుకు నడిపిస్తుంది. తేలు దేవత సెర్కెట్ పాము తలకు ఉచ్చు బిగిస్తుంది, దాని ఒంట్లో కత్తులు దిగుతాయి. ఇంకా వింత ఏమిటంటే, ఆ పడవలో ‘రా’ దేవుణ్ణి చుట్టుకుని కాపాడేదీ పామే. దాని పేరు మెహెన్. పాము జాతిని ఈజిప్టువారు ఎన్నడూ గంపగుత్తగా ద్వేషించలేదు.

అపెప్ పేరు రాయడానికి మాత్రం జంకేవారు. రాసినా, ఆ బొమ్మల లిపిలోని పాముకు కత్తులు గుచ్చేవారు. రాజుల సమాధులు కట్టిన పనివారి ఊరు దెయిర్ ఎల్ మదీనాలో ఇన్‌హెర్ఖావ్ అనే పనివారి పెద్ద సమాధి ఉంది. అక్కడ కుందేలు చెవులంత పొడవు చెవులున్న పిల్లి పంజాతో కత్తి పట్టుకుని చెట్టు కింద పామును కోస్తుంటుంది, నెత్తుటి బొట్లు చిమ్ముతుంటాయి. ఆ పిల్లి స్వయంగా ‘రా’ దేవుడే.

అంతటితో అపెప్ చస్తుందా అంటే, లేదు. మర్నాటి రాత్రి మళ్లీ వస్తుంది. అందుకే గుళ్లలో పూజారులకు అపెప్‌ను చంపే పని ఎప్పటికీ తీరలేదు. క్రీ.పూ. 4వ శతాబ్ది చివరి నాటి ఒక పపైరస్ (రెల్లు కాగితపు చుట్ట) ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ క్రతువును అది విడమరచి చెబుతుంది. మైనంతో అపెప్ బొమ్మ చేసి, ఆకుపచ్చ సిరాతో పేరు రాసి, దాని మీద ఉమ్మి, ఎడమ కాలితో తొక్కి, కత్తితో పొడిచి, నిప్పుల్లో వేయాలి. తుఫాను మబ్బు కమ్మినప్పుడల్లా మళ్లీ కొత్త బొమ్మ చేయాలి.