రాసుకునే మూల: అపోహలు, వాస్తవాలు

డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో రాసుకోవడానికి చోటు చూడమంటే ముందుగా వినిపించేది ‘ఇంకో గది ఉంటేనా!’ అన్న నిట్టూర్పే. గది సంగతి తర్వాత. రాత్రి సగంలో ఆపిన పేజీ తెల్లారేదాకా అలాగే తెరిచి ఉంటుందా, టిఫిన్ ప్లేట్ల కోసం ఎత్తెయ్యాల్సి వస్తుందా? ముందు అది తేల్చుకోండి. రోజూ ఎత్తి, రోజూ మళ్లీ పరుచుకునే చోట నాలుగో రోజుకి రాత ఆగిపోతుంది. కింద చెప్పే కొలతలన్నీ ఆ లెక్క మీద వేసినవే.

అపోహ: విడిగా ఒక గది కావాలి

3 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు ఉన్న పలక, కుర్చీ వెనక్కి లాగడానికి రెండున్నర అడుగులు. మొత్తం 12 చదరపు అడుగులు. దివాన్ కాట్‌కి పట్టే చోటు కన్నా తక్కువే.

అదీ లేదనుకుంటే రెండు తలుపుల వార్డ్‌రోబ్‌లో ఒక భాగం ఖాళీ చేయండి. మా లెక్కలో చిన్న ఇళ్లకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. తలుపు మూస్తే పేజీ తెరిచినది తెరిచినట్టే ఉంటుంది, వచ్చినవాళ్ల కంట పడదు, పిల్లల చేతికి అందదు. వార్డ్‌రోబ్ లోతు మామూలుగా 2 అడుగులు ఉంటుంది కాబట్టి రాతకి సరిపోతుంది. పలక పైభాగం నేల నుంచి 29 అంగుళాలు ఉండేలా లోపల మూడు వైపులా రీపర్ (సన్నటి చెక్క పట్టీ) కొట్టి, దాని మీద 19 ఎంఎం ప్లైవుడ్ కూర్చోబెట్టాలి. పక్కల నుంచి నాలుగు స్క్రూలు బిగించి వదిలేస్తే ఏడాది తిరిగేసరికి ముందు అంచు కుంగుతుంది. అందుకే ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల పట్టీ కూడా కొట్టించండి. పైన వేసే సన్‌మైకా మ్యాట్‌ది తీసుకోండి. గ్లాసీ అయితే లైటు అందులోంచి తిరిగి కళ్లలో పడుతుంది.

ఇందులో సాధారణంగా జరిగే తప్పులు మూడు. వార్డ్‌రోబ్ అడుగున ఉండే 3, 4 అంగుళాల గట్టును మరిచిపోతారు. కాళ్లు దానికి తగులుతాయి. అడుగు పలకని కోయించాలి, లేదా దాన్నే కాళ్లు పెట్టుకునే పీటలా వాడుకోవాలి. రెండోది, స్లైడింగ్ తలుపులున్న చోట ఈ పని పెట్టుకోవడం. ఎటు జరిపినా సగమే తెరుచుకుంటుంది, మోచేతులకి చోటుండదు. మూడోది, లైట్ స్ట్రిప్‌ను పై అర కింద వెనకవైపు అతికించడం. దాన్ని ముందు అంచు లోపలివైపు పెడితేనే వెలుతురు కాగితం మీద పడుతుంది.

అపోహ: డైనింగ్ టేబుల్ ఉందిగా, వేరే ఎందుకు?

డైనింగ్ టేబుల్ ఎత్తు దాదాపు 30 అంగుళాలు, కుర్చీ సీటు 18. మధ్య తేడా 12. అన్నం తినడానికి ఇది చక్కగా ఉంటుంది, ఎందుకంటే చెయ్యి నోటికి లేస్తుంది. రాసేటప్పుడు మాత్రం మోచెయ్యి బల్ల మీదే ఉండాలి. 5 అడుగుల మనిషికి ఈ ఎత్తులో భుజాలు పైకి లేచిపోయి, అరగంటకే మెడ పట్టేస్తుంది. తేడా పదిన్నర, పదకొండు అంగుళాలకి రావాలి. బల్ల కాళ్లు కోయకండి. సీటు మీద గట్టి దిండు వేసి అంగుళం, అంగుళంన్నర ఎత్తు పెంచి, కాళ్ల కింద 3 అంగుళాల పీట పెట్టుకోండి. (కత్తిపీట కాదు సుమా!)

ఎత్తెయ్యడం తప్పదు కాబట్టి అంచులున్న పెద్ద ట్రే ఒకటి తీసుకోండి, 18 అంగుళాల పొడవు, 14 వెడల్పు. తెరిచిన నోట్‌బుక్కు, పెన్ను, కళ్లజోడు అన్నీ ట్రేలోనే ఉంటే భోజనాల వేళకి ఉన్నది ఉన్నట్టు ఫ్రిజ్ మీదకి ఎక్కుతాయి, మళ్లీ అలాగే దిగుతాయి.

అపోహ: కింద కూర్చుని రాస్తే నడుము పోతుంది

కాగితం నేల మీదో ఒళ్లోనో పెట్టుకుని వంగి రాస్తే పోతుంది. వెనకటి గుమస్తాలు గంటల తరబడి కింద కూర్చునే లెక్కలు రాశారు, వాళ్ల ముందు వాలు బల్ల ఉండేది. చేయించుకోవాలంటే 12 ఎంఎం ప్లైవుడ్ చాలు. పై పలక లోతు 16 అంగుళాలు, మీ వైపు ఎత్తు 9, అవతలివైపు 12. దాంతో దాదాపు 11 డిగ్రీల వాలు వస్తుంది. పెన్ను జారకుండా కింది అంచుకి అర అంగుళం పట్టీ, దాని మూల గుండ్రంగా ఉండాలి, లేకపోతే మణికట్టు ఒరుసుకుంటుంది. పక్క చెక్కల మధ్య 30 అంగుళాలు తగ్గనివ్వకండి. చాలామంది 24తో సరిపెడతారు, బాసింపట్టు వేసుకుని కూర్చోగానే మోకాళ్లు చెక్కలకి కొట్టుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాత్రం ఇది వద్దు.

అపోహ: తూర్పు ముఖంగా కూర్చుంటే చాలు

నమ్మకం ఉంటే అలాగే కూర్చోండి. కానీ కిటికీ కూడా తూర్పునే ఉంటే పొద్దున్నే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. కుడిచేత్తో రాసేవాళ్లకి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే రాసే అక్షరం మీదే చేతి నీడ పడుతుంది. తూర్పుకి తిరిగితే ఎడమ పక్క ఉత్తరం. ఉత్తరపు కిటికీలో మన దగ్గర ఎండ తగలని వెలుతురు దాదాపు ఏడాదంతా ఉంటుంది. అంటే అక్కడ కిటికీ ఉన్న ఇంట్లో వాస్తుకీ వెలుతురుకీ పేచీ లేదు. ఎడమచేతి వాటం వాళ్లకి ఇదంతా తిరగేయాలి. పడమటి గోడకి మాత్రం బల్ల ఆనించకండి. ఎండాకాలంలో మధ్యాహ్నం తాగిన వేడిని ఆ గోడ రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది.

రాత్రిపూట గదిలో ట్యూబ్‌లైట్ ఒక్కటే చాలదు. అది వీపు వెనక ఉంటే తల నీడ పేజీ మీద పడుతుంది. టేబుల్ ల్యాంప్‌లో 7 వాట్ల ఎల్ఈడీ, 4000 కెల్విన్ రంగుది (మరీ పసుపూ కాదు, మరీ తెలుపూ కాదు), కాగితానికి ఒకటిన్నర అడుగుల ఎత్తున పెట్టండి. సీలింగ్ లైటుకీ కాగితానికీ మధ్య ఫ్యాన్ రెక్కలు తిరుగుతుంటే పేజీ మీద వెలుగునీడలు అదురుతాయి. కళ్లు లాగుతున్నాయని అద్దాలు మార్చుకునే ముందు ఒకసారి పైకి చూడండి.

అపోహ: కోడిగుడ్ల అట్టలు అతికిస్తే శబ్దం రాదు

వస్తుంది. ఆ అట్టలకి శబ్దాన్ని ఆపేంత బరువు లేదు. దుమ్ము పడతాయి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. హాల్లో టీవీ మాటలు ఎక్కువగా వచ్చేది తలుపు కింది సందులోంచి. అక్కడ రబ్బరు పట్టీ బిగించండి.

అపోహ: మడత బల్ల ఏ గోడకైనా నిలుస్తుంది

ఎర్ర ఇటుక గోడకి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టుకుంటాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావరకు లైట్‌వెయిట్ (ఏఏసీ) బ్లాకులే. వాటిలో ఆ ప్లగ్గు కొన్నాళ్లకి వదులై, బల్ల మీద మోచేతులు ఆనించిన రోజున పొడి రాలుతూ ఊడొస్తుంది. ఏఏసీ బ్లాకులకని విడిగా అమ్మే యాంకర్లు అడగండి, లేదా బల్లకి ముందు రెండు కాళ్లు పెట్టించండి. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి, వైర్ల పైపు ఆ దారినే వెళ్తుంది.

అపోహ: కలరా ఉండలు వేస్తే నోట్‌బుక్కులు భద్రం

వాటి వాసన చెదలను ఆపదు. చెదలు గోడలోంచి, చెమ్మ వెంట వస్తాయి. బాత్‌రూం గోడకి ఆనుకున్న అరలో రాసిన కాగితాలు పెట్టకండి. ఏ గోడకైనా అంగుళం సందు వదలండి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి బయటికి తీసి పేజీలు విప్పి గాలికి ఆరనివ్వండి. డైరీ ఎవరూ చదవకూడదనుకుంటే తాళమున్న ట్రంకు పెట్టె మేలు. చెదలకీ చుట్టాలకీ కూడా అందదు.

అపోహ: ఇంకు పెన్ను కారుతోందంటే నాసిరకం అన్నమాట

రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లో చాలావాటికి ఇంకు నేరుగా పెన్ను ఒంట్లోనే పోస్తాం. ఇంకు మూడో వంతుకి దిగేసరికి లోపలంతా గాలే. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి పాళీలోంచి ఇంకును తోస్తుంది, పేజీ మీద బొట్టు పడుతుంది. సగానికి తగ్గగానే నింపుకోండి. సగం రాసిన పేజీ దగ్గర రాత్రికి పెన్ను వదిలి వెళ్లేటప్పుడు క్యాప్ బిగించి, పాళీ పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి.