కొండ పొద పిగిలి: అపోహలు, వాస్తవాలు

మదనపల్లె చుట్టుపక్కల గుట్టల్లో పక్షుల సర్వేలు చేస్తుంటాను. అందరూ నన్ను అడిగేది కొండ పొద పిగిలి, అంటే పసుపు గొంతు పికిలిపిట్ట గురించే. ఎక్కడికెళ్ళినా వినపడే మాటలు కొన్ని.

అపోహ: పికిలిపిట్టలు మా పెరట్లోనే బోలెడు, వాటికి ముప్పేమిటి?

మీ పెరట్లోది వేరు. దానికి నల్ల తల, చిన్న జుట్టు, తోక కింద ఎరుపు. దీనికి జుట్టు ఉండదు. తల, గొంతు పసుపు, పొట్ట బూడిద రంగు, తోక కింద మళ్ళీ పసుపు. దక్షిణ భారతంలోని గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ముప్పులో ఉన్న జీవుల లెక్క తీసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో 'వల్నరబుల్', అంటే అంతరించే ముప్పున్నది, అని ఉంది.

అపోహ: రాళ్ళగుట్ట అంటే బీడు. అక్కడేం బతుకుతుంది?

అసలు చిక్కంతా ఈ మాటతోనే. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1845లో ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మనవాళ్ళ నోట విని ఆయన రాసిపెట్టిన పేరు 'కొండ పొద పిగిలి'. చిరునామా పేరులోనే ఉంది. పెద్ద పెద్ద బండలు, మధ్యలో కలివి, బలుసు పొదలు, బండ చీలికలో వేరు దిగిన జువ్వి చెట్టు ఉంటే చాలు, పండ్లూ పురుగులూ ఏరుకుని బతికేస్తుంది. మహా బెరుకు. తెల్లారేసరికి గుట్టెక్కి అరగంట కదలకుండా కూర్చుంటే ముందు గొంతు వినిపిస్తుంది. ఆ తర్వాత ఎండ పడ్డ బండ మీద ఒక్క క్షణం పసుపు తళుక్కుమంటుంది. నోట్‌బుక్ తెరిచేలోపు బండ వెనక్కి జారుకుంటుంది.

గ్రానైట్ క్వారీ పడితే పొదా పోతుంది, బండా పోతుంది. పొదైతే మళ్ళీ చిగురిస్తుంది, బండ చిగురించదు కదా.

అపోహ: మొక్కలు నాటితే పక్షులు వాటంతటవే వస్తాయి.

వచ్చేవి వస్తాయి, ఇది మాత్రం రాదు. పొదలు కొట్టేసి ఒకే రకం మొక్కలు వరసగా నాటిన గుట్ట ఒకటి చూశాను. దూరం నుంచి పచ్చగా ముచ్చటగా ఉంది. అంతకుముందు రెండు జతలు కనిపించిన చోట, ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళినా గొంతు వినపడలేదు. ఉన్న పొదల జోలికి పోకుండా, వేసవిలో గడ్డికి నిప్పు పెట్టకుండా చూస్తే సగం పని అయినట్టే. 1991లో పక్షుల రక్షిత ప్రాంతమైన రిషివ్యాలీలో ఈ పిట్ట ఇప్పటికీ ఉందంటే, చుట్టూ గుట్టల్ని కాపాడుకోబట్టే.

అపోహ: ఫోన్‌లో దాని కూత పెడితే ఫొటో దొరుకుతుంది, పిట్టకు నష్టమేముంది?

ఫొటో మీకు, టెన్షన్ దానికి. తన ఇలాకాలోకి ఇంకో పిట్ట చొరబడిందనుకుని పని మానుకుని వచ్చి అరుస్తుంది. ఆదివారం హార్స్‌లీ హిల్స్‌కు వచ్చిన పదిమందీ ఇదే పని చేస్తే అది మేత ఎప్పుడు వెతుక్కోవాలి?

పట్టి పంజరంలో పెంచుతామనేవాళ్ళకు ఒకటే మాట: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

అపోహ: పిట్ట కనిపిస్తేనే రికార్డు చేయాలి.

వెళ్ళి, వెతికి, కనపడకపోయినా, పక్షులు చూసేవాళ్ళు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ లిస్టు పూర్తిగా పెట్టండి. ఏ గుట్ట నుంచి ఇది తప్పుకుంటోందో తెలిసేది వాటివల్లే. నా లిస్టుల్లో సగానికి పైగా ఈ పిట్ట గడి ఖాళీయే.