రెయిడ్ పోయిందంటే ఒక్కరి తప్పేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"సారీ అన్నా, నా వల్లే పోయింది."

రుషికొండలో మా ఆఫీసులో శనివారం టెస్ట్ పెట్టిన ప్రతిసారీ చాట్‌లో ఈ మాట కనిపిస్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో చాలామంది కలిసి ఒక పెద్ద శత్రువుని, అంటే బాస్‌ని, కొట్టే ఫైట్లని గ్రూప్ రెయిడ్లు అంటారు; వాటిని డిజైన్ చేయడం నా పని. వారం వారం పిల్లలు మారతారు, మాట మాత్రం మారదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టీమ్ వైప్ అయిందంటే (అందరూ చచ్చి ఓడిపోతే) అందులో ఎవరికో ఆట చేతకాదు.

వాస్తవం: చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది, ఆ లెక్క వేసింది మేము. పదిమంది ఆడుతున్నారు, ఒక్కొక్కరు బాస్ దెబ్బని నూటికి 95 సార్లు సరిగ్గా తప్పించుకుంటారు. మంచి ప్లేయర్లే కదా? ఒక్కరు పొరబడినా అందరూ చచ్చే మెకానిక్ (ఫైట్‌లో పెట్టే నియమం) పెడితే, పదిమందీ బయటపడే అవకాశం 60 శాతమే. ఫైట్‌లో అలాంటి గండాలు నాలుగుంటే అది 13 శాతానికి పడిపోతుంది. అదే, ఒక్కో గండంలో ఒకరు పొరబడినా హీలర్ (టీమ్‌వాళ్ల గాయాలు మాన్పే ప్లేయర్) లేపుకునే వీలుంచితే 60 కాస్తా 91 అవుతుంది, నాలుగూ దాటే అవకాశం 70కి వస్తుంది. ప్లేయర్లు వాళ్లే, చేతులూ అవే.

ఆ మధ్య గాజువాక నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చి హీలర్‌గా ఆడింది. మూడు వైప్‌లు, మూడు సారీలు. నాలుగోసారి ఫోన్ బోర్లా పెట్టేసి కూర్చుంది. పక్కన కూర్చోబెట్టుకుని లాగ్ (ఆటలో జరిగిందంతా నమోదయ్యే రికార్డు) తెరిచి చూపించాను. నేల మీద ఎర్ర వలయం కనబడ్డాక పేలడానికి 400 మిల్లీసెకన్లు. కంటికి కనబడి వేలు కదలడానికే ఎవరికైనా 250 దాకా పడుతుంది. ఆమె మొబైల్ డేటాలో పింగ్ (ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) 180. కూడి చూడండి. మూడుసార్లూ ఆమె సరైన బటనే నొక్కింది, అది సర్వర్‌కి చేరేసరికి వలయం పేలిపోయింది. ఆఫీసు వైఫైలో ఆడి చూసి ఆ 400 పెట్టింది నేనే. ఆ సాయంత్రమే 1,200 చేశాం. అది తెలియక ఎవరైనా ఆమెని కిక్ చేసి (టీమ్ నుంచి తీసేసి) ఉంటే మళ్లీ గేమ్ తెరిచేది కాదు. అలా వెళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

డ్యామేజ్ మీటర్‌లో (బాస్‌ని ఎవరెంత కొట్టారో చూపే పట్టికలో) అడుగున ఉన్నవాళ్లు దండగ అనేది ఇంకొకటి. జాలరిపేట ఒడ్డున వల లాగేటప్పుడు వెనక తాడు చుట్టేవాళ్లకి మీటర్ పెడితే సున్నా వస్తుంది.

మంది పెరిగితే బాస్ హెల్త్ కూడా అంతకంత పెంచితే చాలంటారు. చాలదు. పైన చెప్పిన మెకానిక్కే 20 మందికి పెడితే అందరూ బయటపడే అవకాశం 36 శాతం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004లో 40 మంది రెయిడ్లతో మొదలై 2007లో 25కి దిగింది. 2014 నుంచి తేలిక స్థాయిల్లో 10 నుంచి 30 మంది దాకా ఎంతమందైనా రావచ్చు, అన్నిటికన్నా కష్టమైన మిథిక్ స్థాయికి మాత్రం కచ్చితంగా 20 మందే. ఆ స్థాయిలో ప్రతి మెకానిక్‌నీ వచ్చినవాళ్ల లెక్కకి తగ్గట్టు సరిపెట్టడం చాలా కష్టం.

సర్వర్ కావాలనే చెత్త టీమ్ ఇస్తుందన్న పుకారు విని విని విసుగొచ్చింది. మా దగ్గర అలాంటి మీట ఏదీ లేదు. మా మ్యాచ్‌మేకింగ్ (టీమ్‌లు కట్టే పద్ధతి) చూసేది రోల్ (హీలర్ లాంటి పాత్ర), పింగ్, ఎంతసేపటి నుంచి ఆగి ఉన్నారన్నది. రాత్రి రెండింటికి హీలర్లు తక్కువ, దొరికినవాళ్లతోనే టీమ్ కడుతుంది. దయచేసి ఆ పుకారు చెప్పే వీడియోలు షేర్ చేయకండి.

కిక్ బటన్ మీద వేలు పెట్టేముందు ఒక్కటి చూడండి. ప్రతిసారీ వేరే వేరే వాళ్లు ఒకే చోట చస్తుంటే అది మేం సరిచేయాల్సిన చోటు. టైము, పింగ్ రాసి రిపోర్ట్ పంపండి. మొన్న శనివారం ఆ అమ్మాయి పంపిన రిపోర్ట్‌లో రెండో గండం దగ్గర మూడు టైములు, మూడు పింగ్‌లు, చచ్చిన ముగ్గురి రోల్స్ ఉన్నాయి. సోమవారం నుంచి దాని మీదే పనిచేస్తున్నాం.