ఆస్తుల చిట్టా వేరు, ప్రయోజనాల చిట్టా వేరు

నామినేషన్ల రోజుల్లో ప్రతి అభ్యర్థీ స్టాంపు పత్రం మీద నోటరీ చేయించి రిటర్నింగ్ అధికారికి సమర్పించే ఫారం 26 అఫిడవిట్‌ను ఇవాళ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా తెరిచి చూడవచ్చు. చేతిలో నగదు ఎంత, ఏ బ్యాంకు ఖాతాలో ఎంత ఉంది, జీవిత భాగస్వామి పేరిట బంగారం ఎన్ని గ్రాములు, ఏ గ్రామంలో ఏ సర్వే నంబరులో ఎంత భూమి, అది వారసత్వంగా వచ్చిందా లేక కొన్నదా, కొన్నదైతే అప్పటి ధర ఎంత, ఇప్పటి మార్కెట్ విలువ ఎంత అనేవన్నీ అందులో గడులవారీగా ఉంటాయి. మరునాటి పత్రికల్లో ఎవరు ఎన్ని కోట్లకు అధిపతో తేలిపోతుంది. అయితే సెంటు భూమిని కూడా విడిచిపెట్టని ఆ పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినా, ఈ అభ్యర్థి గెలిచాక గనుల విధానం మీదో విమానయానం మీదో సభలో మాట్లాడేటప్పుడు, ఆ మాటల వల్ల లాభపడేవారిలో ఆయన కూడా ఒకరా కాదా అన్నది మాత్రం సూటిగా తెలియదు. ఆస్తి ఎంత ఉందో చెప్పడం వేరు, ఆ ఆస్తికీ చేతిలోని అధికారానికీ ఎక్కడ ముడి పడుతుందో చెప్పడం వేరు. మన దేశంలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. మొదటి దారి చాలా దూరం వెళ్లింది. రెండోది ఇంకా మొదలైన చోటికి దగ్గరలోనే ఉంది.

నిజానికి రెండో దారే పాతది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర కూడా కాకముందే, 1951 జూన్‌లో, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ తన పార్టీ సభ్యుడైన హెచ్.జి. ముద్గల్ ప్రవర్తనపై విచారణ జరపాలంటూ తాత్కాలిక పార్లమెంటులో స్వయంగా తీర్మానం పెట్టారు. బొంబాయిలోని బంగారం, వెండి వర్తకుల సంఘం నుంచి డబ్బు తీసుకుని, స్టాంపు సుంకం వంటి వారి సమస్యలపై సభలో ప్రశ్నలు అడగడానికీ, సభ్యుల మద్దతు కూడగట్టడానికీ ఆయన ఒప్పుకున్నారన్నది అభియోగం. టి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన వేసిన అయిదుగురి కమిటీలో రాజమండ్రిలో పుట్టిన జి. దుర్గాబాయి, తరువాతి కాలంలో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు స్పీకరైన కాశీనాథరావు వైద్య కూడా ఉన్నారు. సభ్యత్వానికి తగని పని చేశారని కమిటీ తేల్చింది. సెప్టెంబరులో సభ చర్చ ముగించి ఓటింగుకు వెళ్లేలోపే ముద్గల్ రాజీనామా ఇచ్చారు. సభ అంతటితో ఊరుకోలేదు. ఆయన బహిష్కరణకు అర్హుడేననీ, రాజీనామా లేఖలో వాడిన మాటలు సభాధిక్కారమేననీ తీర్మానించింది. ఆనాటి పెద్దల పట్టుదల ఇప్పుడు చదువుతున్నా గౌరవం కలిగిస్తుంది. కానీ ఒక లోటు అక్కడే మిగిలిపోయింది. తప్పు చేసినవారిని పట్టుకుని శిక్షించడం దగ్గర ఆగారే తప్ప, ఏ సభ్యుడికి ఏ వ్యాపారంతో సంబంధం ఉందో ముందుగానే రాయించుకునే పద్ధతి పెట్టలేదు.

మనం సభా సంప్రదాయాలు నేర్చుకున్న బ్రిటన్‌లో కూడా ఇది ఆలస్యంగానే వచ్చింది. ప్రత్యక్ష ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయంలో సభ్యుడు ఓటు వేయరాదని కామన్స్ సభ స్పీకర్ అబట్ 1811లోనే రూలింగ్ ఇచ్చినా, సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు పెట్టాలని ఆ సభ తీర్మానించింది 1974లో. మన లోక్‌సభ నియమావళిలోని 371వ నియమం 1811 నాటి ఆ రూలింగు బాటలోనే ఉంది. వ్యక్తిగత, ఆర్థిక లేదా ప్రత్యక్ష ప్రయోజనం ఉందన్న కారణంతో ఒక సభ్యుడి ఓటుపై మరొకరు అభ్యంతరం చెప్పవచ్చునన్నది దాని సారాంశం. సభా సంఘాల సభ్యత్వం విషయంలో 255వ నియమం ఇలాంటి వీలే ఇస్తుంది. అభ్యంతరం చెప్పాలంటే అవతలివారి వ్యాపారం సంగతి ముందు తెలియాలి కదా! తెలుసుకునే రిజిస్టరే లేనప్పుడు ఆ నియమాలు కాగితం దాటి బయటికి రావడం కష్టం.

మంత్రుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు, అదీ పైపైకి చూసినప్పుడు. 1957 చివర్లో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టిన ముంద్రా వ్యవహారంలో, అంటే ఎల్ఐసీ సొమ్మును ఒక వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టిన ఉదంతంలో, ఆర్థిక మంత్రి పదవిని 1958లో వదులుకోవలసి వచ్చింది ముద్గల్‌పై విచారణ జరిపిన కృష్ణమాచారికే. అవినీతి నిరోధానికి ఏం చేయాలో చెప్పమని 1962లో కేంద్రం నియమించిన సంతానం కమిటీ 1964లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది కేంద్రం మంత్రుల ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది.

ఆ నియమావళిని ఓపికగా చదివితే దాన్ని రాసినవారికి సమస్య పూర్తిగా అర్థమైందని తెలుస్తుంది. మంత్రి పదవి చేపట్టబోయే వ్యక్తి తనవీ, తన కుటుంబ సభ్యులవీ ఆస్తులు, అప్పులు, వ్యాపార ప్రయోజనాల వివరాలను కేంద్రంలోనైతే ప్రధానికి, రాష్ట్రంలోనైతే ముఖ్యమంత్రికి చెప్పాలి. వ్యాపార నిర్వహణతో సంబంధం తెంచుకోవాలి. ఆ వ్యాపారం ప్రభుత్వానికి సరుకులో సేవలో సరఫరా చేసేదైతే, నిర్వహణే కాదు, అందులోని వాటా కూడా వదులుకోవాలి. పదవిలో ఉన్నంత కాలం ఏటా ఆగస్టు 31లోగా ఆస్తి అప్పుల లెక్క సమర్పించాలి. అయితే తలుపు మూసిన చేత్తోనే కిటికీ కూడా తెరిచారు. అంతకుముందు నుంచే ఆ వ్యాపారంలో ఉన్న వయోజన బంధువుకు, జీవిత భాగస్వామి కాని పక్షంలో, నిర్వహణ అప్పగించవచ్చని మినహాయింపు ఇచ్చారు. కొడుకో, తమ్ముడో, బావమరిదో ముందు నుంచీ వ్యాపారం చూసుకుంటూ ఉండే మన కుటుంబాల్లో ఆ కిటికీ ఎంత వెడల్పైనదో వేరే చెప్పనక్కర లేదు. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి. ఈ వివరాలన్నీ అందేది మంత్రిని నియమించిన నాయకుడికి. నియమావళి అమలవుతోందో లేదో చూసే బాధ్యత కూడా ఆయనదే. ముఖ్యమంత్రుల విషయంలో ప్రధాని, కేంద్ర హోం మంత్రి చూడాలని ఉంది. ఒక పార్టీ ముఖ్యమంత్రిని ఇంకొక పార్టీ ప్రధాని లెక్క అడిగితే అది రాజకీయమవుతుంది, సొంత పార్టీ వ్యక్తినైతే అడగరు. సభకూ ప్రజలకూ ఇందులో చోటే లేదు.

ఆ నియమావళి బలమెంతో తేలింది మన హైకోర్టులోనే. 1980ల చివర, ముఖ్యమంత్రిగా ఉంటూ ఎన్.టి. రామారావు సినిమాలో నటించడం నియమావళికి విరుద్ధమంటూ దాఖలైన వ్యాజ్యంలో, దానికి చట్టబద్ధత లేదనీ, దాన్ని కోర్టు ద్వారా అమలు చేయించడం కుదరదనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. ఆయన నటించడం తప్పా ఒప్పా అన్నది అభిమానులకూ ప్రత్యర్థులకూ వాదించుకునే విషయం కావచ్చు. నియమావళి చరిత్రలో మాత్రం ఆ తీర్పు చెప్పిన మాట చాలా పెద్దది. 1964 నుంచి మంత్రులందరికీ వర్తిస్తోందనుకున్నది కేవలం నైతిక కట్టుబాటేనని అధికారికంగా రుజువైంది.

ఇక చట్టం అని చెప్పుకోగలిగింది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఏ సెక్షన్. ప్రభుత్వానికి సరుకుల సరఫరాకు గానీ, ప్రభుత్వం చేపట్టిన పనుల నిర్వహణకు గానీ తన వ్యాపార క్రమంలో చేసుకున్న కాంట్రాక్టు అమల్లో ఉన్న వ్యక్తి శాసనసభ్యుడిగా, పార్లమెంటు సభ్యుడిగా కొనసాగడానికి అనర్హుడు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ కాంట్రాక్టు ఆయన స్వయంగా చేసుకున్నదై ఉండాలి. ఆయన వాటాదారుగా ఉన్న కంపెనీ చేసుకున్నదైతే, చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి. పని పూర్తి చేసి బిల్లు డబ్బుల కోసం ఎదురుచూస్తున్న దశలో ఉంటే ఆ కాంట్రాక్టు అమల్లో లేనట్టేనని సెక్షన్‌కు వివరణ కూడా ఉంది. బిల్లులు ఎవరికి ముందు వస్తాయి, ఎవరికి ఏళ్ల తరబడి ఆగుతాయి అన్నదే పెద్ద రాజకీయమైన తెలుగు రాష్ట్రాల్లో ఈ వివరణ అర్థం కాంట్రాక్టర్లందరికీ తెలుసు. గనుల లీజు సరుకుల సరఫరా కిందికో పనుల నిర్వహణ కిందికో రాదని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. అది కాకినాడ రాజకీయాల నుంచి వెళ్లిన కేసు, సి.వి.కె. రావుకూ దంటు భాస్కరరావుకూ మధ్య నడిచిన ఎన్నికల వివాదం. దాదాపు అరవై ఏళ్ల తరువాత, గనుల శాఖను తన దగ్గరే పెట్టుకున్న జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ పేరిట రాతి గని లీజు మంజూరైందన్న వివాదం 2022లో రేగినప్పుడు, 9ఏ సెక్షన్ చుట్టూ జరిగిన వాదనల్లో ఆ కాకినాడ కేసు మళ్లీ ముందుకొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్రామ పంచాయతీ వార్డు సభ్యుడి విషయంలో మన పంచాయతీరాజ్ చట్టం వాడిన భాష ఇంతకన్నా విశాలమైనది. కాంట్రాక్టు తానే చేసుకున్నాడా అని కాక, అమల్లో ఉన్న కాంట్రాక్టులో అతనికి ఆసక్తి, అంటే ప్రయోజనం ఉందా అని అది అడుగుతుంది. మురుగు కాలువ పని విషయంలో వార్డు సభ్యుడిని అడిగినంత లోతుగా జాతీయ రహదారి విషయంలో ఎంపీని అడగకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ముద్గల్ ఉదంతం తరువాత నాలుగున్నర దశాబ్దాలకు గానీ సభలు తమ నైతికతపై స్థిరమైన ఏర్పాటు చేసుకోలేదు. రాజ్యసభలో అప్పటి చైర్మన్ కె.ఆర్. నారాయణన్ 1997 మార్చి 4న ఎథిక్స్ కమిటీని వేశారు. లోక్‌సభలో ఆ పని చేసినవారు కోనసీమ నుంచి వెళ్లిన స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. 2000 మే 16న ఏర్పాటైన ఆ కమిటీకి మాజీ ప్రధాని చంద్రశేఖర్ తొలి అధ్యక్షులు. బాలయోగి 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆ కమిటీకి లోక్‌సభ నియమావళిలో శాశ్వత స్థానం దక్కింది 2015లో.

రెండు సభల దారులు విడిపోయింది ఈ కమిటీలు ఏర్పడ్డ తరువాతే. రాజ్యసభ తన నియమావళిలో 293, 294 నియమాలను చేర్చుకుంది. మొదటిదాని ప్రకారం ప్రతి సభ్యుడూ అయిదు విషయాలు రిజిస్టరుకు ఇవ్వాలి. వేతనం వచ్చే డైరెక్టరు పదవులు, క్రమం తప్పక ఆదాయం తెచ్చే పనులు, కంపెనీపై అదుపు ఉండేంత వాటాలు, డబ్బు తీసుకుని ఇచ్చే సలహా సేవలు, వృత్తిపరమైన ఒప్పందాలు. రెండోదాని ప్రకారం, తనకు ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయం సభలో గానీ కమిటీలో గానీ చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు ఆ సంగతి ముందుగా చెప్పాలి, చెప్పనిదే చర్చలో పాల్గొనకూడదు. మొదటి దారిలో ఎంత నడిచినా కనిపించనిది ఇదే. ఫలానా నిర్ణయం జరిగే క్షణాన, ఫలానా వ్యక్తికి అందులో ఏముందో ఇక్కడ తెలుస్తుంది. ప్రజలకు మాత్రం ఆ రిజిస్టరు దూరంగానే ఉంది. సమాచార హక్కు చట్టం కింద పట్టుబట్టి అడిగాకే పౌర సంస్థల చేతికి అందులోని వివరాలు వచ్చాయి. లోక్‌సభలో అలాంటి రిజిస్టరే లేదు.

రిజిస్టరు ఉన్నా చాలదని విజయ్ మాల్యా ఉదంతం చూపింది. కింగ్‌ఫిషర్ విమాన సంస్థ యజమానిగా ఉంటూనే, రాజ్యసభ సభ్యుడి హోదాలో ఆయన పౌర విమానయానానికి సంబంధించిన పార్లమెంటరీ కమిటీలో కూర్చున్నారు. ఆయనకు విమాన సంస్థ ఉన్న సంగతి దేశంలో తెలియనివారు లేరు. అంటే వెల్లడి కావలసింది వెల్లడై ఉంది. అయినా ఆ కమిటీ నుంచి తప్పుకోవాలని ఏ నియమమూ ఆయనను బలవంతం చేయలేదు. 2016 మేలో ఆయన సభ్యత్వం పోయింది గానీ, అది బ్యాంకు అప్పులు ఎగవేసి దేశం విడిచి వెళ్లాక, కరణ్ సింగ్ అధ్యక్షతన ఎథిక్స్ కమిటీ బహిష్కరణకు సిద్ధపడ్డాక.

ఈలోపు మొదటి దారి కోర్టుల చొరవతో ముందుకు సాగింది. అభ్యర్థుల నేర చరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002 మే 2న చెప్పింది. దాన్ని నీరుగార్చడానికి చేసిన చట్ట సవరణను 2003 మార్చిలో కొట్టివేసింది. 2018 ఫిబ్రవరి 16న లోక్ ప్రహరి కేసులో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన జస్టిస్ అబ్దుల్ నజీర్‌ల ధర్మాసనం మరో అడుగు వేసింది. ఆస్తి ఎంతో చెబితే సరిపోదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో, తనకూ జీవిత భాగస్వామికీ తనపై ఆధారపడినవారికీ ఆదాయ మార్గాలేమిటో కూడా చెప్పాలంది. అలా ఇప్పుడు ఫారం 26లో ఆదాయ మార్గాలకూ, ప్రభుత్వంతోనూ ప్రభుత్వ సంస్థలతోనూ ఉన్న కాంట్రాక్టులకూ గడులు వచ్చాయి. విడిపోయిన రెండు దారులూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చిన చోటు ఇది.

అయితే ఆ గడి నింపేది ఎన్నికకు ఒకసారి. గెలిచిన మరుసటి నెలలో తీసుకున్న కాంట్రాక్టు, సంపాదించిన వాటా మళ్లీ అయిదేళ్ల తరువాతి నామినేషన్ దాకా ఆ పత్రంలోకి రావు. తనపై ఆధారపడని కొడుకు కంపెనీ అప్పుడు కూడా రాదు. గెలిచినవారి ఆస్తులు ఎలా పెరుగుతున్నాయో ఎప్పటికప్పుడు చూసే శాశ్వత యంత్రాంగం కావాలని అదే తీర్పులో కోర్టు చెప్పింది. అది ఎందుకు ఏర్పాటు కాలేదో చెప్పమని 2019 మార్చిలో కేంద్రాన్ని మళ్లీ అడగవలసి వచ్చింది.