కనెక్షన్ ఉంది, ఎన్‌క్రిప్షన్ లేదు: ఒక పోర్టింగ్ సమస్య వెనుక కథ

పర్లాకిమిడిలో సర్వర్, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో శాఖ. ఒడిశా సరిహద్దులోని తెలుగు వ్యాపారి లెక్కలు ఇలా రెండు రాష్ట్రాల మధ్య తిరగడం మామూలే. ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ ఇంటర్నెట్ మీదుగా వెళ్తాయి కాబట్టి డేటాబేస్ కనెక్షన్‌కు ఎన్‌క్రిప్షన్, అంటే దారిలో ఎవరూ చదవలేని సంకేత రూపం, ఉండి తీరాలి. అయితే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ నుంచి ఓపెన్‌బీఎస్‌డీ వంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు పోర్ట్ చేసేటప్పుడు, అంటే అక్కడ పనిచేసేలా మార్చేటప్పుడు, తరచూ దెబ్బతినేది ఆ భాగమే. ఎందుకో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

డేటాబేస్ సర్వర్లు ఎన్‌క్రిప్షన్ కోసం సాధారణంగా బయటి లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) మీద ఆధారపడతాయి. వాటిలో ప్రధానమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1998లో మొదలైంది. ప్రకటనల్లో తన పేరు చెప్పాలని దాని పాత లైసెన్సు పెట్టిన షరతు, జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో పొసగలేదు. అందుకే జీపీఎల్ కింద వచ్చే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉచిత బైనరీలు (నేరుగా నడిపే ఫైళ్లు) చాలాకాలం యాఎస్‌ఎస్‌ఎల్ అనే మరో లైబ్రరీతో వచ్చాయి. కనెక్షన్ల ఎన్‌క్రిప్షన్‌కు ప్రమాణమైన టీఎల్‌ఎస్‌లో 1.2 వెర్షన్ 2008లోనే వచ్చినా ఆ లైబ్రరీ 1.1 దగ్గరే ఆగిపోయింది.

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఒక్కో అభ్యర్థనతో సర్వర్ మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా లాగేసే వీలున్న లోపమది. ఆ నెలలోనే ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ నుంచి విడిపోయి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అనే సొంత లైబ్రరీ ప్రారంభించింది. పాత చెత్తనంతా ఊడ్చేసిన ఆ బృందం మీద నాకు ఎంతో గౌరవం. కానీ పోర్టింగ్ చేసేవారిని ఒక సంఖ్య ఇబ్బంది పెట్టింది. లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్‌ను 2.0.0 అని చెప్పుకుంటుంది. 2016లో వచ్చిన అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 తన అంతర్గత నిర్మాణాలను దాచేసి, వాటిని అందుకోవడానికి కొత్త ఫంక్షన్లు ఇచ్చింది. ‘వెర్షన్ 1.1.0 కన్నా ఎక్కువా?’ అని డేటాబేస్ కోడ్ అడిగితే లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ నుంచి అవుననే జవాబు వస్తుంది. తీరా చూస్తే అప్పట్లో ఆ ఫంక్షన్లు అందులో లేవు. బిల్డ్, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారయ్యే పని, అక్కడే ఆగిపోయేది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ బృందం ఆ వెర్షన్ సంఖ్యను నమ్మడం మానేసి, కావలసిన ఫంక్షన్లు ఉన్నాయో లేవో బిల్డ్‌కు ముందే పేరుపేరునా పరీక్షించే పద్ధతికి మారింది. సరైన మరమ్మతు అదే. 2018లో లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ 2.7 కూడా అలాంటి ఫంక్షన్లను చాలావరకు చేర్చుకుంది.

నన్ను భయపెట్టేది ఆగిపోయిన బిల్డ్ కాదు, దాన్ని ఎలాగైనా ముగించాలని ఎన్‌క్రిప్షన్ లేకుండా కంపైల్ చేయడం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ క్లయింట్ (శాఖ నుంచి సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) ముందుగా ఎనిమిది బైట్ల సందేశంతో ఎన్‌క్రిప్షన్ ఉందా అని అడుగుతుంది. లేకపోతే సర్వర్ ‘ఎన్’ అనే ఒక్క అక్షరం పంపుతుంది. క్లయింట్‌లో మనం మార్చకపోతే ఉండే అమరిక ‘ప్రిఫర్’ (ఎన్‌క్రిప్షన్ ఉంటే మంచిదే, లేకపోయినా సరే) కాబట్టి, అది మారు మాట్లాడకుండా మామూలు కనెక్షన్‌తోనే పని కానిస్తుంది. పాతపట్నంలో బిల్లు తెరుచుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. బాకీల చిట్టా మాత్రం దారిపొడవునా బట్టబయలుగా వెళ్తుంది.

అందుకే శాఖలోని క్లయింట్‌లో, ఎన్‌క్రిప్షన్‌తో పాటు సర్వర్ గుర్తింపును కూడా సరిచూసే ‘వెరిఫై-ఫుల్’ అమరిక పెట్టాలి. అప్పుడు ఎన్‌క్రిప్షన్ లేని సర్వర్‌తో అది అసలు కలవదు. పోర్టింగ్ పూర్తయ్యాక సర్వర్‌లో ‘పీజీ_స్టాట్_ఎస్‌ఎస్‌ఎల్’ అనే పట్టిక తెరిచి, ఏ కనెక్షన్ ఎన్‌క్రిప్షన్‌తో నడుస్తోందో, ఏది లేకుండా నడుస్తోందో చూసుకోవాలి.