జూనిపర్ చేవ

కడియపులంక నర్సరీల మధ్య నడుస్తుంటే జూనిపర్ కుండీల దగ్గర నా కాళ్లు ఆగిపోతాయి. ఆకులు విడిగా కనిపించవు, రెమ్మంతా పచ్చని పొలుసులు అల్లినట్టుంటుంది. నలిపి వాసన చూస్తే ముక్కు తెరుచుకుంటుంది. మనవాళ్లు దీన్ని గుమ్మం ముందు అందానికి కొంటారు. కొన్నాక రోజూ నీళ్లు పోసి చంపుకుంటారు. ఇది చలినీ ఎండనీ ఓర్చుకునే చెట్టు. టిబెట్‌లో దీని జాతి ఒకటి 4,900 మీటర్ల ఎత్తున కూడా బతుకుతుంది. కానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. ఒండ్రుమట్టిలో ఇసుక బాగా కలిపి, నీరు జారిపోయేలా పెంచాలి.

దీని విలువంతా చేవలో ఉంది. మన తాటిచెట్టుకు చేవ బయటివైపు, లోపల మెత్తన. జూనిపర్‌కు చేవ లోపల. చెట్టు ముదిరేకొద్దీ నడిమి వలయాలు నీరు మొయ్యడం మానేస్తాయి. ప్రాణం లేని ఆ భాగం తనను తాను కాపాడుకోలేదు కాబట్టి, చెట్టు ముందుగానే దాన్ని సెడ్రాల్ వంటి నూనె పదార్థాలతో నింపేస్తుంది. చెదలకూ బూజుకూ అవి గిట్టవు. మనం బీరువాలో కలరా ఉండలు వేసినట్టే, అమెరికాలో ఉన్ని బట్టలు దాచడానికి ఈ చెక్కతో పెట్టెలు చేసేవారు. పొలాలకు కంచె రాటలూ ఇవే. మెత్తగా, నిలువు నారతో ఉండి చక్కగా చెక్కడానికి వస్తుంది కనుక పెన్సిళ్లకూ ఇదే వాడారు. అడవులు తరిగిపోయాక పెన్సిల్ కంపెనీలు రైతుల పాత కంచెలు కొనుక్కుపోయాయి. ఏళ్ల తరబడి వానలో నానిన రాట కూడా పెన్సిల్‌కు పనికొచ్చింది!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మైక్రోస్కోప్ కథ. పంటకాలవలో గెడ దింపితే నీళ్ల దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది కదా. మైక్రోస్కోప్ కింద చూసే వస్తువును కప్పిన గాజుపలక నుంచి గాలిలోకి వచ్చే వెలుతురు కూడా అలాగే వంగి, కొంత లెన్సుకు అందకుండా పోతుంది. అమెరికా జూనిపర్ చేవ నుంచి తీసిన నూనెలో వెలుతురు దాదాపు గాజులో లాగే నడుస్తుంది. ఒక్క చుక్క లెన్సుకీ ఆ గాజుపలకకీ మధ్య వేస్తే వెలుతురు వంగకుండా సూటిగా లెన్సులోకి చేరుతుంది. 1878లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబే నూనెలో ముంచి చూసే లెన్సులు తయారుచేశాడు. 1882లో క్షయ క్రిమిని లోకానికి చూపించిన రాబర్ట్ కోహ్ వాడినవి అలాంటి లెన్సులే.

జూనిపర్ పండు నిజానికి పండు కాదు, పొలుసులు కండపట్టి అతుక్కుపోయిన శంకువు, అంటే పూలు పూయని చెట్లకు విత్తనాలు పట్టే కాయ. మన సముద్రతీరంలో సరుగుడు కాయ శంకువులా ఉన్నా అది పూలు పూసే చెట్టు, జూనిపర్‌కు చుట్టం కాదు. మామూలు జూనిపర్ పండు ముదరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. జిన్ అనే మద్యానికి వాసన దీనివల్లే, ఆ పేరూ దీని నుంచే వచ్చింది. ఆయుర్వేదంలో హపుష అంటే ఇదే. కొన్ని జాతులు విషం, అందుకని కుండీలో మొక్క పండ్లు పిల్లల్ని నోట్లో పెట్టుకోనివ్వకండి.

మనం సాంబ్రాణి వేసినట్టు లడఖ్‌లో ఇంట్లో జూనిపర్ ఆకు పొగ వేస్తారు. అక్కడ ఈ చెట్టును శుక్‌పా అంటారు. హెమిస్ శుక్‌పాచన్ అనే ఊరికి ఆ పేరు జూనిపర్ తోపు వల్లే వచ్చింది. ఆ తోపును ఊరివాళ్లు పవిత్రంగా చూసుకుంటారు. ఆ చలిలో, ఆ రాతినేలలో ఒక చెట్టు పోతే దాని చోట మరొకటి అంతై చేవ పట్టేసరికి తరాలు గడిచిపోతాయి.